మా పాత ఇంట్లో జపాను మాటలు

నాకు జపాను భాషతో ఏ పనీ లేదు. ఆ దేశం వెళ్ళలేదు, వెళ్ళాలన్న కోరికా లేదు. ఈ వయసులో కొత్త భాష నేర్చుకుని ఎవరితో మాట్లాడాలి, కావలి కూరగాయల మార్కెట్లోనా? అయినా ఇవాళ పొద్దున కాఫీ కలుపుకుంటూ, అలవాటు కొద్దీ మనసులో మా ఊరి ఇంటి వంటింట్లోకి వెళ్ళేసరికి, పొయ్యి మీద కూకో కూర్చుని ఉంది. కూకో అంటే వాళ్ళ భాషలో విమానాశ్రయం. మా అవ్వ ఊదుగొట్టంతో ఊది ఊది, కళ్ళు తుడుచుకుంటూ మంట చేసిన పొయ్యి మీద ఇప్పుడు విమానాలు దిగుతున్నాయి. ఇది నేను కోరి చేసుకున్నది కాదు. మా తమ్ముడి కూతురు హారిక చేసిన నిర్వాకం.

హారిక తడ దగ్గరున్న ఫ్యాక్టరీల్లో ఒకదానిలో పనిచేస్తుంది. జపాను వాళ్ళది. లైన్లో నిలబడి చేసే పని, షిఫ్టు అయ్యేసరికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టవు. అక్కడి జపాను ఇంజినీర్లకూ మనవాళ్ళకూ మధ్య మాట అందించే మనిషి ఒకరు కావాలట. భాష పరీక్ష పాసైతే ఆ కుర్చీ హారికకే ఇస్తామన్నారు. ఒకసారి రాసింది, పోయింది. ఈసారి కూడా పోతే చెన్నై నుంచి వేరే మనిషిని తెచ్చుకుంటామని మొహం మీదే చెప్పేశారు. వ్యాకరణం పరవాలేదట, మాటలే నిలవడం లేదట. పొద్దున నేర్చుకున్న మాట సాయంత్రానికి ఉండదు. అందుకని సెలవు పెట్టి, బ్యాగులో బట్టలు కుక్కుకుని, ప్రశాంతంగా చదువుకోవడానికని నా దగ్గరికి వచ్చేసింది. నా ప్రశాంతత సంగతి ఎవరూ అడగలేదు.

వచ్చిన మర్నాడే, నేను పప్పులోకి తాలింపు వేస్తుంటే వంటగది గుమ్మంలో నిలబడింది.

"అత్తా, మీ పాత ఇల్లు నాకు కావాల" అంది.

"యాడుందే ఆ ఇల్లు? మీ నాయన అమ్మేసినాడు గదా. రొయ్యల మేత గోడౌను కట్టుకున్నారు ఆడ."

"ఇల్లు కాదత్తా. ఇల్లు ఎట్టా ఉండేదో అది కావాల."

ఆ తర్వాత చెప్పిన సంగతి ఇది. ఫోనులో పాఠాలు చెప్పే వాళ్ళ మేడమ్ ఒక కిటుకు నేర్పింది. మాటల్ని వరసపెట్టి బట్టీ కొడితే నిలవవట. బాగా తెలిసిన ఇల్లు ఒకటి మనసులో పెట్టుకుని, వీధి గుమ్మం నుంచి మొదలుపెట్టి ఒక్కో చోట ఒక్కో మాట పెట్టుకుంటూ పోవాలట. పెట్టిన మాటకు ఒక బొమ్మ కట్టాలి, ఆ బొమ్మ ఎంత వింతగా ఉంటే అంత గట్టిగా అంటుకుంటుంది. మాట కావలసినప్పుడు అదే దారిలో మళ్ళీ నడిచి ఏరుకోవడమే. మర్నాడొకసారి, నాలుగు రోజులకొకసారి, పదిరోజులకొకసారి అట్లా నడిచి వస్తూ ఉంటే ఇక పోదు.

"అయితే మీ ఇల్లు పెట్టుకో, ఎవరు కాదన్నారు" అన్నాను.

"ఏ ఇల్లు పెట్టుకునేది? గూడూరులో ఉన్నాం, నాయుడుపేటలో ఉన్నాం, సూళ్ళూరుపేటలో వీధి వీధీ మారినాం. అన్నీ బాడుగిళ్ళే. ఒక ఇంటి తలుపు తీస్తే ఇంకో ఇంటి వంటగది వస్తా ఉండాది. నాకు అట్టాంటి ఇల్లు లేదత్తా."

 అవతల ఆవాలు మాడుతున్నాయి. సరే కానీ అన్నాను. ఆ ఒక్క 'సరే' అనకుండా ఉండాల్సింది.

ఒక మనిషి చిన్నప్పటి ఇంటి గురించి ఇంకొకరు అన్ని ప్రశ్నలు వేయగలరని నాకు తెలియదు. తలుపు లోపలికి తెరుచుకునేదా, బయటికా? గుమ్మం దాటగానే కుడిచేతికి ఏమొచ్చేది? గూట్లో దీపం కాకుండా ఇంకేం పెట్టేవాళ్ళు? ఉట్టి ఎంత ఎత్తు? నేను పేపరు చదువుకుంటుంటే వచ్చేది, చిలకడదుంపలు తరుక్కుంటుంటే వచ్చేది, స్నానాలగది తలుపు అవతల నుంచి అడిగేది. ఏళ్ళ తరబడి పుస్తకాలు రాసినదాన్ని, మా ఊరి గురించే ఎన్నో రాశాను. ఒక్క వాక్యం కూడా ఈ పిల్ల ప్రశ్నలకు ఆగేది కాదు. "వాకిట్లో పురి ఉండేది" అని రాసి ఊరుకుంటే పాఠకులు ఊరుకున్నారు. హారిక ఊరుకోలేదు. పురి అంటే ఏంది, ఎంత లావు, పైన కప్పు ఎట్టా ఉంటాది, పిల్లలు ఎక్కేవాళ్ళా అని పీకింది. ధాన్యం నిల్వ చెయ్యడానికి గడ్డితో పేనిన మోకును చుట్టలు చుట్టలుగా చుట్టి కట్టేదే పురి అని చెప్పాను. కొత్త మొలగొలుకుల వడ్లు పోసిన రోజు దాని చుట్టూ ఉండే వాసన ఎలాంటిదో మాత్రం చెప్పలేకపోయాను. వెచ్చగా, కొంచెం దుమ్ముగా, ముక్కు దురదపెట్టేలా ఉండేది. మేమంతా తుమ్ముతూనే దాని చుట్టూ తిరిగేవాళ్ళం.

అడిగిన కొద్దీ ఇల్లు తేలింది. మధ్యాహ్నం దాటగానే సముద్రం గాలి మళ్ళేది, పంచలో పడుకున్న వాళ్ళ చెమట ఆరేది. ఆ గాలితోపాటే జువ్వలదిన్నె వైపు నుంచి ఎండుచేపల గంపలతో ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. అవ్వ ఒక్కో చేపనూ తోక పట్టుకుని వాసన చూసి, "ఉప్పు చాల్లేదు" అనేది. ఏ రోజూ చాలినట్టు ఒప్పుకోలేదు. తిట్టాల్సినవి తిట్టేసి, తీసుకోవాల్సినవి తీసుకుని, ఆ గంప మనిషికి చెంబుడు మజ్జిగ పోసి, ఆమె కొడుకు జ్వరం సంగతి అడిగేది. పంచలో నాయన పడక్కుర్చీ. దాని చారల గుడ్డ మీద తల ఆనే చోట కొబ్బరినూనె మరక, మా నాయన తల ఎంతుందో అంత. దొడ్లో బావి, గిలక కిర్రుమనే శబ్దం. ఆముదం వెయ్యండ్రా అని నాయన రోజూ అనేవాడు, ఎవ్వరూ వెయ్యలేదు, ఆయనా వెయ్యలేదు.

ఇదంతా విని హారిక ఏం చేసిందంటే, ఒక్కొక్క చోటా ఒక్కొక్క మాట తెచ్చి పడేసింది. నాయన పడక్కుర్చీలో కైగి పెట్టింది. కైగి అంటే మీటింగు. టైలు కట్టుకున్న మేనేజర్లు పదిమంది ఒకరి ఒళ్ళో ఒకరు ఇరుక్కుని ఆ కుర్చీలో కూర్చుని తలలూపుతున్నారట. బావి దగ్గర షూరి, అంటే మరమ్మతు. హెల్మెట్ పెట్టుకున్న ఇంజినీరు ఒకడు గిలక విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. పొయ్యి మీద విమానాలు సరేసరి. అవ్వ మజ్జిగ కవ్వానికి యకుసొకు, అంటే మాట ఇవ్వడం. ఏం బొమ్మ కట్టిందో నేను అడగలేదు.

"మా నాయన వచ్చి యాడ కూర్చోవాల?" అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"తాత వస్తే వాళ్ళు లేస్తార్లే అత్తా. జపానోళ్ళకి మర్యాద ఎక్కువ" అంది.

మా నాయన కూడా మాకు బట్టీ వేయించినవాడే. ఆయన పద్ధతి వేరు. రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు ఎదురుగా నిలబడి అప్పచెప్పాలి. ఎక్కాలు, తిథులు, తెలుగు సంవత్సరాలు, నక్షత్రాలు. సరిగ్గా చెబుతున్నంతసేపూ ఆయన తింటూ ఉంటాడు. తప్పు పడితే తిట్టడు, కొట్టడు. నోటి దాకా వెళ్ళిన ముద్ద దింపి పళ్ళెంలో పెట్టేస్తాడు. మళ్ళీ సరైనది పడేదాకా చెయ్యి ఎత్తడు. చారు చల్లారిపోతుంటుంది, అవ్వ తలుపు పక్క నుంచి నావైపు గుడ్లురుముతుంటుంది. మనిషిని ఆకలితో కూర్చోబెట్టానన్న భయానికి నాకు నక్షత్రాలు వచ్చాయి తప్ప ఇంకెందుకూ కాదు. అది కిటుకా, హింసా అని ఇప్పుడు అడిగితే చెప్పలేను. హారిక పద్ధతిలో ఎవరూ ఆకలితో ఉండరు, ఆ మాట ఒప్పుకోవాలి. నా బుర్ర మాత్రం తినేస్తుంది.

ఇంత చేసినా హారికకు మాటలు నిలవలేదు. నిలవలేదంటే అన్నీ కాదు. రోజూ సాయంత్రం ఫోను నా చేతికిచ్చి, తెలుగు అర్థాలు చదవమనేది. నేను చదువుతుంటే తను కళ్ళు మూసుకుని ఇంట్లో నడిచేది. వాకిలి, పురి, పంచ, పడక్కుర్చీ, తిరగలి దాకా గడగడా వచ్చేది. దొడ్లోవి కూడా వచ్చేవి. వంటింట్లోంచి నడవలోకి వచ్చే దగ్గర మాత్రం తడబడేది. అక్కడ పెట్టిన నాలుగైదు మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయేవి. పరీక్ష దగ్గరికొచ్చేసింది. మూడు సాయంత్రాలు వరసగా అదే చోట ఆగిపోయేసరికి ఫోను సోఫాలోకి విసిరేసి ఏడ్చింది.

"నాకు రాదత్తా. లైన్లోనే నిలబడి సస్తా" అంది.

ఓదార్చే ఓపిక నాకు లేదు. "సరిగ్గా గుర్తుపెట్టుకోకుండా ఏడిస్తే వస్తాదా?" అన్నాను. ఆ పిల్ల మొహం కడుక్కుని వచ్చి, నా వంటగదిలోని గ్లాసులూ గరిటెలూ అన్నీ తెచ్చి డైనింగు టేబుల్ మీద పేర్చడం మొదలుపెట్టింది. గ్లాసులు గదులు, గరిటెలు గోడలు. నేను చెప్పింది చెప్పినట్టుగా ఇల్లు కట్టింది. పంచ ఇక్కడ, నడవ ఇక్కడ, వంటిల్లు ఇక్కడ, కొట్టు గది ఇక్కడ. అన్నీ పేర్చాక మధ్యలో జానెడు ఖాళీ మిగిలింది.

"ఈడేముంది?"

"ఏమీ లేదు. గోడ."

"ఇంత లావు గోడ ఉంటాదా అత్తా? వంటింట్లోంచి నడవలోకి వచ్చేటప్పుడు రోజూ ఎగిరి దూకతా ఉండావు నువ్వు. ఒకరోజు నాలుగడుగులే అంటావు, ఒకరోజు నడిచి నడిచి రావాల అంటావు. ఈడ ఏందో ఉండాది."

ఆ ఖాళీ వైపు చూస్తే నాకు నిజంగానే ఏమీ కనిపించలేదు. కోపం వచ్చింది. నా ఇల్లు నాకు చెప్పొస్తుందా అనుకున్నాను. టేబుల్ మీద నుంచి అట్లకాడ తీసి దాని చోట పెట్టడానికి లేచి, స్టవ్ దగ్గర నిలబడ్డాక గుర్తొచ్చింది. నేను మెడ కుడివైపు తిప్పుకుని నిలబడి ఉన్నాను. ఆ ఇంట్లో వంటింటి నుంచి నడవలోకి వచ్చేటప్పుడు మేము పిల్లలం మొహం గోడవైపు తిప్పుకుని నడిచేవాళ్ళం. ఎడమవైపు మధ్య గది ఉండేది. మా అమ్మ అక్కడే పోయింది.

హారికకు కూర్చుని చెప్పాను. మా అమ్మ ఆమెకు నాయనమ్మ అవుతుంది, ఫోటో కూడా లేదు. మా తమ్ముడు పాలు తాగే పిల్లవాడు అప్పటికి. అమ్మ పోయిన వేళకు నక్షత్రం మంచిది కాదన్నారు, ధనిష్ఠా పంచకం అన్నారు. అలా పోతే ఇల్లు విడిచిపెట్టాలి. ఇల్లంతా విడవాలని కొందరు, గది మూస్తే చాలని కొందరు పంచలో కూర్చుని వాదించుకున్నారు. కోతల కాలం, ఇంటి నిండా ధాన్యం, ఎక్కడికి పోతాం? గది మూస్తే చాలని తేల్చారు. ఆరు నెలలు. తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప వేశారు. ఇంటి లోపల, వంటింటికీ నడవకూ మధ్య ముళ్ళకంప. పిల్లలు అటు చూడకూడదు. చూస్తున్నానేమోనని అవ్వ నా గడ్డం పట్టుకుని మొహం గోడవైపు తిప్పి నడిపించేది. ఆరు నెలలయ్యాక తెరిచారు, కడిగారు, సున్నం కొట్టారు, విత్తనాల మూటలు వేశారు. అమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు. నాయన ఎక్కాలు మళ్ళీ అడిగాడు, తిథులు అడిగాడు. నక్షత్రాలు మాత్రం ఎన్నడూ అడగలేదు. తెరిచిన గది మళ్ళీ గదే అయింది గానీ నా మెడ మాత్రం అటు తిరగలేదు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో మనసులో తిరుగుతూ, ఆ ఇంటి మీద పుస్తకాలు రాస్తూ కూడా ఆ గుమ్మం ముందు మొహం తిప్పుకునే నడుస్తున్నానన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేను. అందరూ పోయారు.

"లోపల ఏముండేదత్తా?" అంది హారిక. గొంతు తగ్గించి అడిగింది గానీ అడగడం మానలేదు.

"తెలీదు."

"మంచం యాడ ఉండేది?"

"తెలీదంటే. ఆమెకు దగ్గు. అంటుకుంటాదని పిల్లల్ని పోనిచ్చేవాళ్ళు కాదు. గడప ఇవతల నిలబడితే, లోపల్నించి 'తిన్నావా మే' అని అడిగేది. తిన్నాను అని చెప్పి పొయ్యేదాన్ని. అంతే."

అంతే అన్నాను గానీ, అంతే కాదు. చూడవచ్చినవాళ్ళు బత్తాయిలు తెచ్చేవాళ్ళు. జబ్బు మనిషిని చూడబోతే బత్తాయిలే కదా తెచ్చేది. అమ్మ వాటిలో ఒకటి తీసి గచ్చు మీద నావైపు దొర్లించేది. అది దొర్లుకుంటూ వచ్చి గడపకు తగిలి ఆగేది. నేను వంగేలోపు అవ్వ చీర కొంగు చుట్టుకున్న చేత్తో తీసి దొడ్లోకి విసిరేసేది. మర్నాడు అమ్మ మళ్ళీ దొర్లించేది. అమ్మకు తెలియదా, అవ్వ పారేస్తుందని? తెలుసు. అయినా దొర్లించేది. దొడ్లో ఆ బత్తాయిలు కుళ్ళి, పుల్లటి వాసన వేసేవి. ఆ వాసన దాకా హారికకు చెప్పి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను.

 మర్నాడు పొద్దున్నే హారిక గ్లాసులన్నీ కడిగి యథాస్థానంలో పెట్టింది. నేను ఇడ్లీ పెడుతుంటే, తల వంచుకునే చెప్పింది.

"అత్తా, ఆ గదిలో ఒక మాట పెట్టినా. ఒకటే పెట్టినా."

"ఆడ ఏమీ పెట్టొద్దని ముందే చెప్పాల్సింది నేను. ఏం మాట?"

"ఒమిమాయ్. జబ్బు చేసినోళ్ళని చూడబొయ్యేదాన్ని అట్టా అంటారు. బొమ్మ కట్టాల గదా. ఒక పిల్ల బత్తాయి పట్టుకొని గడప దాటి లోపలికి పోతాది. మంచం మీద కూర్చుని వలస్తాది. ఇద్దరూ తింటా ఉంటారు."

"ఎవరా పిల్ల?"

"నువ్వే గదత్తా."

నేను అరిచాను. ఎప్పుడూ అంతగా అరవను. జరగనిదాన్ని జరిగినట్టు పెట్టడానికి నువ్వెవరివి అన్నాను, నా ఇంట్లో విమానాలు దించావు ఊరుకున్నాను, మీటింగులు పెట్టావు ఊరుకున్నాను, ఇది తీసెయ్ అన్నాను. హారిక ఇడ్లీ తింటూ అంతా వింది. "తీసేస్తాలే అత్తా, పరీక్ష కానీ" అంది. ఆ సాయంత్రం కళ్ళు మూసుకుని వాకిలి నుంచి దొడ్డి దాకా ఎక్కడా ఆగకుండా నడిచింది.

పాసైంది. ఫోనులో చెబుతూ మళ్ళీ ఏడ్చింది, ఈసారి నేనేమీ అనలేదు. కుర్చీ ఇచ్చారు, పాదాల వాపు తగ్గింది. ఇంతా చేసి ఒమిమాయ్ అనే మాట పరీక్షలో రానే లేదట. అది విని నాకు ఎక్కడ లేని చిరాకూ పుట్టింది. పోయిన వారం మళ్ళీ ఫోను చేసింది.

"అత్తా, ఇల్లు ఖాళీ చేసేసినా" అంది. "పై పరీక్ష రాయాల. కొత్త మాటలు పెట్టాలంటే పాతవి తుడిచెయ్యాల, లేకుంటే కలిసిపోతాయి."

"ఆ గది కూడానా?"

"నువ్వు చెప్పినావు గదత్తా తీసెయ్యమని. మొదట అదే తీసేసినా."

బాడుగిళ్ళలో పెరిగిన పిల్ల, ఖాళీ చెయ్యడం దానికి తెలుసు. మా పెద్దవాళ్ళ పద్ధతి ఇంకొకటి. తాళం వేసి, కంప వేసి, సున్నం కొట్టి, పేరెత్తకుండా ఉంటే మర్చిపోయినట్టే అనుకున్నారు. వీళ్ళేమో పట్టుబట్టి గుర్తుపెట్టుకుంటారు, పని కాగానే తుడిచేస్తారు. ఈ రెండూ చేతకాక మధ్యలో మిగిలింది నేను. ఎవరి పరీక్ష కోసమో పెట్టిన మాటలు హారిక ఇంట్లోంచి పోయాయి, నా ఇంట్లోంచి పోవడం లేదు. నాయన కుర్చీలో మేనేజర్లు ఇంకా తలలూపుతున్నారు. బావి దగ్గర ఇంజినీరు ఆ గిలక బాగుచెయ్యడూ, లేవడూ. రోజూ పొద్దున కాఫీ కలుపుకుంటూ వీళ్ళందర్నీ తప్పించుకుని నడవాల్సి వస్తోంది. హారికకు ఫోను చేసి, వచ్చి నీ సామాను తీసుకుపో అని గట్టిగా చెప్పాలనుకుంటాను. విమానాలు తీసెయ్యమంటాను, మీటింగు ఎత్తెయ్యమంటాను. అలా అనుకుంటూ వంటింట్లోంచి నడవలోకి వస్తూ, ఈమధ్య, ఎడమవైపు చూస్తున్నాను. తలుపు తీసి ఉంటుంది. మంచం మీద ఆ పిల్ల కాళ్ళూపుతూ కూర్చుని బత్తాయి వలుస్తుంటుంది, అవతల అమ్మ చెయ్యి చాపి ఉంటుంది. ఇది జరగలేదు, నాకు తెలుసు. కానీ ఆ పిల్లను లేచి పొమ్మని నేను చెప్పలేను. బత్తాయి ఇంకా సగం కూడా తినలేదు వాళ్ళు.